ఒక గడ్డం, నాలుగు ఓట్లు

నేను ఒక మంగలికత్తిని. అలా మెడ తడుముకోకండి, నా పదును పోయి చాలా కాలమైంది. పుట్టింది ఇంగ్లండులోని షెఫీల్డులో. మంచి ఉక్కు, ఎద్దుకొమ్ము పిడి. ఓడెక్కి న్యూయార్కు చేరి, రేవు పక్క వార్డులో ఓట్మార్ అనే జర్మను మంగలి చేతిలో పడ్డాను. ఒక సారాకొట్టు వెనక గదిలో అతని దుకాణం. ఒక కుర్చీ, ఒక పగిలిన అద్దం, నేను. ఎన్నికలనేవి లేకపోతే గడ్డాలు గీసుకుంటూ గుట్టుగా బతికేదాన్ని.

ఆ వార్డులో బార్నీ డ్రిస్కల్ మాటే మాట. పదవంటూ ఏదీ లేదు, అతని చేతిలో లేని పనీ లేదు. చలికాలంలో బొగ్గు లేని ఇంటికి బస్తా పంపేవాడు. ఎవరైనా పోతే శవపేటిక మోసేవాడు. కుర్రాణ్ణి పోలీసులు పట్టుకుపోతే విడిపించుకొచ్చేవాడు. ఓడ దిగినవాడు బూట్ల బురద తుడుచుకునేలోపే పౌరుణ్ణి చేసి పారేసేవాడు. బదులుగా పాపం ఏమీ అడిగేవాడు కాదు, ఓటు తప్ప.

అయితే మనిషికి ఒక్క ఓటే ఉండటం అతనికి బొత్తిగా నచ్చేది కాదు. అందుకే గడ్డాలంటే ప్రాణం పెట్టేవాడు. గుబురు గడ్డంతో మనిషి ఒక పోలింగు బూతుకి వెళ్లేవాడు. చుబుకం గీయించుకుని, చెంపల జుట్టూ మీసమూ ఉంచుకుని, ఇంకో పేరుతో రెండో బూతుకి. చెంపలు కూడా గీయించి మూడోదానికి. ఆఖరికి మీసమూ తీసేసి నున్నటి మొహంతో నాలుగోదానికి. ఒక్క శాల్తీలోంచి నలుగురు పౌరులను బయటికి తీసిన ఘనత నాది!

ఆ ఏడు డ్రిస్కల్ కన్ను మలాకీ టియర్నీ మీద పడింది. మలాకీ ఐర్లండు నుంచి వచ్చిన కూలీ. రొమ్ము దాకా ఎర్రటి గడ్డం. ఎన్నికల రోజు సాయంత్రమే అతని భార్య డీలియా ఓడ దిగబోతోంది. ఒంటరిగా వచ్చిన ఆడదాన్ని రేవులో ఊరికే వదిలేవాళ్లు కాదు. మొగుడు వచ్చి తీసుకెళ్లాలి. ఆ వచ్చినవాడు మొగుడేనని తేలకపోతే, ఆమెను వచ్చిన ఓడలోనే తిప్పి పంపేస్తారు.

"డ్రిస్కలన్నా, గడ్డం తీసేస్తే మా ఆవిడ గుర్తుపట్టదేమో. పెళ్లికి ముందు నుంచీ ఉందిది," అన్నాడు మలాకీ, కుర్చీలో ముడుచుకుని కూర్చుని.

"పిచ్చోడా! రేపట్నించి వీధులు వేసే పని నీది. పని లేకుండా ఆవిణ్ణి తీసుకొచ్చి ఏం పెడతావ్? గడ్డమంటావా, మళ్లీ మొలుస్తుంది."

మలాకీ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. చుబుకం గీస్తుంటే నాకేదో వంకరగా తగిలింది.

"ఇదేంట్రా అబ్బాయ్?" అన్నాడు ఓట్మార్.

"చిన్నప్పుడు గాడిద తన్నింది. అందరూ నవ్వుతారని గడ్డం పెంచేశా. మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు."

పొద్దున తన పేరుతోనే ఓటేసిన మలాకీ, ఆ తర్వాత పాట్రిక్ హోగన్ అయ్యాడు, జాన్ రయన్ అయ్యాడు, ఆఖరికి టామ్ కీగన్ అయ్యాడు. పేరు మరిచిపోతే పని పోతుందన్న భయంతో దారి పొడవునా వల్లె వేస్తూనే ఉన్నాడు.

సాయంత్రం, గడ్డం తీసింది తనేనని సాక్ష్యం చెప్పడానికి ఓట్మార్ కూడా రేవుకి బయల్దేరాడు. నేను అతని కోటు జేబులో ఉన్నాను. డ్రిస్కల్ కూడా వచ్చాడు. పుట్టబోయే కొడుకుల ఓట్లు కూడా ముందే చూసుకునే మనిషి మరి.

కటకటాల అవతల డీలియా మూట పట్టుకుని నిలబడి ఉంది. గుమాస్తా తలెత్తకుండానే అడిగాడు. "నీ పేరు?"

పొద్దుట్నుంచి పేరడిగితే ఏం చెప్పడం అలవాటైందో అదే వచ్చింది మలాకీ నోట్లోంచి. "టామ్ కీగన్!"

డీలియా ఒక అడుగు వెనక్కి వేసింది.

డ్రిస్కల్ గబగబా ముందుకొచ్చాడు. "కంగారులో ఏదో వాగాడు సార్. వీణ్ణి నేను బాగా ఎరుగుదును. పాట్రిక్ హోగన్."

అయ్యో, జేబులోంచి దూకి అతని నాలుక కోసేద్దామనిపించింది నాకు!

"ఇద్దరు మొగుళ్లయ్యారు," అన్నాడు గుమాస్తా. "ఈ కాగితంలో ఉన్న మూడోవాడు రాకపోతే ఈవిణ్ణి రేపు ఓడెక్కించేస్తాం."

"డీలియా! నేనే, మలాకీనే!" మలాకీ ఏడ్చేశాడు. ఓట్మార్ సాక్ష్యం చెప్పబోతే గుమాస్తా చేత్తో ఆపేశాడు. వీళ్ల సాక్ష్యాలతో అతనికి విసుగొచ్చేసింది.

"గొంతు మా ఆయనదే," అంది డీలియా మెల్లిగా. "ఈ మొహం మాత్రం నేనెప్పుడూ చూడలేదు. అయ్యా, మా ఆయనకి గడ్డం కింద గాడిద తన్నిన మచ్చ ఉందని చెప్పాడు. మీరే చూడండి. ఉంటే నా మొగుడు. లేకపోతే నన్ను పంపెయ్యండి."

గుమాస్తా లేచొచ్చి మలాకీ చుబుకం పైకెత్తాడు. నేను నున్నగా గీసిన చోట, వంకర మచ్చ స్పష్టంగా కనిపిస్తోంది.

"గాడిదొక్కటే నిజం చెప్పింది ఇవాళ," అన్నాడు గుమాస్తా. "తీసుకెళ్లు."

వీధిలోకి వచ్చాక డీలియా మొగుణ్ణి నిలదీసింది. టామ్ ఎవడు, పాట్రిక్ ఎవడు? మలాకీ అంతా చెప్పాడు. ఆవిడ ఓట్మార్ ముందు చెయ్యి చాపింది. "ఆ కత్తి ఇలా ఇవ్వండి." పాపం ఓట్మార్ జేబులోంచి నన్ను తీసి ఇచ్చేశాడు.

ఆ రోజు నుంచి మలాకీ గడ్డం డీలియానే గీసేది, రోజూ. మళ్లీ ఎన్నికలకి డ్రిస్కల్ వాళ్ల గుమ్మంలోకి వచ్చి, నున్నటి ఆ మొహం చూసి నీరుగారిపోయాడు.

"గడ్డం ఏదిరా తమ్ముడూ?"

సబ్బు నురగతో ఉన్న నన్ను పట్టుకుని డీలియానే బయటికొచ్చింది. "ఈ ఇంట్లో మొగుడు ఒక్కడే అన్నయ్యగారూ. ఓటూ ఒక్కటే."

మర్నాడే వీధి పని పోయింది. అతను రేవులో మూటలు మోశాడు, ఆవిడ పదిళ్ల బట్టలుతికింది. తిట్టుకున్నారు, నవ్వుకున్నారు, బతికారు. నేను మాత్రం ఏ ఒక్కరోజూ ఖాళీగా లేను.

ఇప్పుడు మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. పక్కనే ఎవరో వార్డు నాయకుడి టోపీ ఉంది. పిల్లలు దాన్నే చూస్తారు. నా కింద కార్డు మీద 'మంగలికత్తి, ఉక్కు' అని మాత్రం రాశారు. ఒక మనిషికి ఒక్క ఓటే అని ఆ వార్డులో మొదట పట్టుబట్టింది డీలియా. ఆడవాళ్లకి ఓటు లేని రోజులవి. ఆవిడకి ఆ ఒక్కటీ లేదు.