ఫ్యూజు మీద పేరు

కారు తాళం తీయగానే మా ఆయన ఆగిపోతున్నారు. పదకొండు రోజులుగా ఇదే వరస. నేను వీధిలో కారు ఆపి తాళం లాగుతాను, లోపల వంటింట్లో ఆయన అన్నం ముద్ద నోటి దగ్గర పెట్టుకుని అలాగే ఉండిపోతారు. మళ్లీ తాళం పెట్టి తిప్పితే ముద్ద నోట్లోకి వెళ్తుంది.

ఆయనకి ఈ సంగతి తెలియదు. చెబితే ఒప్పుకోరు. "నేనెక్కడ ఆగానే? నువ్వే ఈ మధ్య ఇక్కడ మాయమై అక్కడ తేలుతున్నావు. కుదురుగా నడవొచ్చుగా," అంటారు. పెళ్లినాటికి ఆయన నాకంటే ఏడేళ్లు పెద్ద. ఆగినప్పుడల్లా ఆయన వయసు అక్కడే ఉంటుంది, నాది నడుస్తుంది. ఇలాగే సాగితే కొన్నాళ్లకి నేను ఆయనకి అక్కలా కనబడతాను.

కారు పాతది. మా పెళ్లయిన మూడో ఏడు కొన్నాం. తాళం తిప్పితే అన్నీ బతుకుతాయి, తీస్తే అన్నీ పడుకుంటాయి. వైపర్లు, రేడియో, హారను. ఆ జాబితాలో మా ఆయన ఎలా చేరారో నాకు తెలియదు.

తాళం తీయకుండా వదిలేస్తే పోలా అని మొన్న ఒక రోజంతా అలాగే ఉంచాను. ఆయన హాయిగా పేపరు చదివారు, మల్లెచెట్టుకి పాదు చెయ్యడం మొదలుపెట్టారు. ఈలోపు ఇంజనుకి నిప్పందించే కాయిల్ పెనంలా కాలింది, బ్యాటరీ పడుకుంది. పార మీద వంగినవారు వంగినట్టే ఉండిపోయారు. వాన మొదలైంది. నేను గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డాను. అప్పుడు మాత్రం నాకు ఏడుపొచ్చింది. ఒకవేళ మళ్లీ కదలకపోతే ఈ మనిషి లేకుండా నేనేం చెయ్యాలి? మర్నాడు బ్యాటరీ ఛార్జి చేయించి తాళం తిప్పాకే ఆయన నడుం ఎత్తారు.

అందుకని ఈ రోజు పొద్దున్నే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని తెనాలి బయలుదేరాను. అక్కడ ఖాజావలి అని ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. పాత కార్ల వైరింగు అతనికి కంఠతా వచ్చు.

దారిలో మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ అంటున్నారు. "నీకొక మాట చెప్పాలి. ముప్పై నాలుగేళ్లుగా చెబుదామనుకుంటూనే ఉన్నా. అదేంటంటే..."

అప్పుడే షెడ్డు వచ్చేసింది. ఖాజావలి కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం లాగి జేబులో వేసుకుంటాడు. ఎవరి కారైనా ముందు తాళం తీసుకోవడం అతని అలవాటు. మా ఆయన నోరు కొంచెం తెరుచుకుని, ఒక వేలు ఎత్తి, ఆగిపోతారు.

ఖాజావలి ఆయన మణికట్టుకి టెస్టు లైటు పెట్టి చూస్తాడు. బల్బు వెలగదు. తాళం పెట్టి తిప్పి మళ్లీ చూస్తాడు. బల్బు వెలుగుతుంది, మా ఆయన "ఏంటంటే" అంటారు. తాళం తీస్తాడు.

"మీ ఆయన్ని ఎవరో తాళం మీద వేశారక్కా," అంటాడు. "మనిషిని తాళం మీద వెయ్యకూడదు. డైరెక్టు మీద వెయ్యాల."

"అవుతుందా తమ్ముడూ?"

"ఎందుకు కాదు? బ్యాటరీ నుంచి సీదా ఒక లైను లాగుతా. డ్యాష్ బోర్డు కింద ఒక సాకెట్టు పెడతా. తాళం ఉన్నా లేకపోయినా అందులో కరెంటు ఉంటది."

నా గుండెల మీంచి బండరాయి దించినట్టుంది. చేతులెత్తి దణ్ణం పెడతాను. అతను మొహమాటంగా బానెట్ ఎత్తుతాడు.

ముందు బ్యాటరీ నెగెటివ్ విప్పుతాడు. తర్వాత ఎర్ర వైరు చుట్ట తీసి లాగడం మొదలుపెడతాడు. ఆ షెడ్డు వైరుని బట్టి సాగుతుంది. ఈ రోజు వెనక గోడ ఎనిమిది బారల దూరం జరుగుతుంది, అక్కడున్న క్యాలెండరు చిన్నదై కనబడదు. ప్లస్ నుంచి జానెడు దూరంలో ఫ్యూజు గూడు బిగిస్తాడు. ఇంజను వెనక రేకు బెజ్జంలోంచి వైరు లోపలికి తోస్తూ, రేకు కోసెయ్యకుండా దానికి సైకిల్ ట్యూబు ముక్క తొడుగుతాడు. సాకెట్టు పెడతాడు. సాకెట్టులో పెట్టిన ప్లగ్గు వైరు రెండో కొసని మా ఆయన మొలతాడుకి ముడి వేస్తాడు.

"ఈ వైరు ఎంత దూరమైనా వస్తదక్కా. బజారుకెళ్లినా పర్లేదు. చూసుకోకుండా జనం తట్టుకుని పడతారు, అంతే."

గూడులో రెండు గదులున్నాయి. ఒకటి మా ఆయనకి. రెండోది ఎందుకని అడుగుతాను. "ఉండనీ. ఎప్పటికైనా పనికొస్తది," అంటాడు.

ఇక ఫ్యూజు పెట్టడమే తరువాయి. అతను తెల్ల టేపు ముక్క అంటించి, పెన్ను తీసి నా వైపు చూస్తాడు.

"పేరు చెప్పక్కా."

"ఎవరి పేరు?"

"ఈ లైను మీద ఉన్నాయన పేరు. పేరు లేని ఫ్యూజు నేను వెయ్యను. సొంతదారు నోటితో చెప్పాల, నేను రాయాల. మా నాయన కూడా ఇట్టాగే చేసేవాడు."

నేను నేల చూపులు చూస్తాను. ఆయన పేరు నేను ఎప్పుడూ పలకలేదు. పెళ్లయి అత్తారింటికి వచ్చిన రోజు మా ఆడపడుచు సామ్రాజ్యం గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడింది. పేర్లు చెబితేనే లోపలికి రానిస్తానంది. ఆయన నా పేరు చటుక్కున చెప్పేశారు. నేను పెదాలు కదిపానంతే, గొంతు రాలేదు. వీధి వీధంతా చూస్తోంది. "గట్టిగా, గట్టిగా," అని అరుస్తున్నారు. అప్పుడు ఆయన, "నాకు వినబడింది, చాలు. జరగవే సామ్రాజ్యం," అని నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లారు. ఆ ఒక్క మాటకి నేను ఇప్పటికీ ఆయనకి కృతజ్ఞురాలిని.

"నేను పిలిచేట్టే రాయి తమ్ముడూ. ఏమండీ అని రాయి," అంటాను.

ఖాజావలి ఏమండీ అని రాసి, నెగెటివ్ బిగించి, ఫ్యూజు నొక్కుతాడు.

మా ఆయన వేలు కదులుతుంది. అదే క్షణంలో ఎదురుగా మంగలి షాపులోంచి సగం గడ్డం నురగతో ఒకాయన వచ్చి, "పిలిచావా?" అని మర్యాదగా నిలబడతాడు. టిఫిన్ బండి దగ్గర్నించి ఇద్దరు వస్తారు. కూరల సంచులతో నలుగురు, తడి తువ్వాలుతో ఒకాయన, బ్యాంకులోంచి పెన్ను చెవిలో పెట్టుకుని మేనేజరుగారు. ఊళ్లో భార్యలు ఏమండీ అని పిలిచే మొగుళ్లందరూ మా కారు చుట్టూ చేరుతున్నారు. అందరి నడుముల నుంచీ ఎర్ర వైర్లు మా సాకెట్టు దాకా ఉన్నాయి.

వైరు వేడెక్కుతుంది. ఫ్యూజు టప్పున పోతుంది. మా ఆయనతో సహా వీధిలో మొగుళ్లందరూ ఆగిపోతారు.

వాళ్ల భార్యలు ఒక్కొక్కరే వస్తారు. ఎవరూ నా మీద కేకలెయ్యరు. తడి తువ్వాలాయన భార్య మాత్రం, "ఈయన పొయ్యి మీద పాలు చూస్తానని చెప్పి వచ్చాడు వదినా. త్వరగా తేల్చు," అంటుంది.

"పెద్ద ఫ్యూజు వేస్తే?" అని అడుగుతాను.

"వేస్తే ఫ్యూజు ఉంటది, మనిషి కాలిపోతాడు," అంటాడు ఖాజావలి. జేబులోంచి ఒక ఫ్యూజు తీసి చూపిస్తాడు. "ఈ సైజుది ఇదొక్కటే ఉంది. బ్యాటరీ కూడా అడుగంటింది. ఈసారి కూడా పోతే ఆయన ఇంక ఈ మాట దగ్గరే ఉండిపోతారక్కా."

నేను మా ఆయన మొహం చూస్తాను. ముప్పై నాలుగేళ్లుగా చెప్పాలనుకున్న మాట పళ్ల వెనకాలే ఉంది.

ఖాజావలి పాత టేపు పీకి కొత్త ముక్క అంటిస్తాడు. షెడ్డు గుమ్మానికి అడ్డంగా సామ్రాజ్యం చేతులు చాపి నిలబడి ఉంది. పదహారేళ్లది, ఆ రోజు కట్టుకున్న ఆకుపచ్చ పరికిణీలోనే. వీధి వీధంతా చూస్తోంది.

"పానకాలరావు," అంటాను.

మామూలుగానే పలుకుతుంది, పాలవాడినో పోస్టుమ్యానునో పిలిచినట్టు. సామ్రాజ్యం చేతులు దించి పక్కకి జరుగుతుంది. ఖాజావలి పేరు రాసి ఫ్యూజు నొక్కుతాడు. ఈసారి ఫ్యూజు పోదు.

మిగతావాళ్ల నడుముల నుంచి వైర్లు జారిపోతాయి. అందరూ తమ తమ కరెంటు మీద కదులుతారు. మంగలి షాపాయన నురగ తుడుచుకుంటూ, "ఎటూ వచ్చాంగా, బ్యాటరీ పడుకున్నట్టుంది, తోద్దామా?" అంటాడు. బ్యాంకు మేనేజరుగారు చొక్కా చేతులు మడుస్తారు. తడి తువ్వాలాయన కూడా చెయ్యి వేస్తాడు, పాల సంగతి ఆవిడ చూసుకుంటానంది. నేను ఎక్కి కూర్చుంటాను, ఖాజావలి తాళం పెట్టి తిప్పుతాడు, ఊరి మొగుళ్లందరూ కలిసి తోస్తారు. ఇంజను అందుకుంటుంది. మీ అందరికీ పుణ్యముంటుంది నాయనా అని నేను కిటికీలోంచి అరుస్తాను. ఖాజావలి పరుగెత్తుకుంటూ వచ్చి తాళం తీసి నా చేతిలో పెడతాడు.

"ఇంక ఇది మీ దగ్గరే ఉంచుకోండక్కా. ఎప్పుడు తీసినా ఆయన ఆగడు. రోజూ కొంచెం దూరం నడపండి, బ్యాటరీ నిండుతుంటది."

తాళం నా గుప్పెట్లో ఉంది. కారు పోతూనే ఉంది. పక్కన మా ఆయన వేలు దించి, నా వైపు తిరుగుతారు.

"అదేంటంటే," అంటారు. "ఆ రోజు గుమ్మం దగ్గర నాకు వినబళ్లేదు."

"తెలుసండీ."

"ఇప్పుడు వినబడింది."

నాకు కళ్లు మసకబారతాయి. రోడ్డు కనబడాలని కాదు, ఆయన కనబడాలని వైపర్లు వేస్తాను. అవి కూడా తాళం లేకుండానే ఆడుతున్నాయి.

కాలువ వంతెన దాటాక రోడ్డుకి అడ్డంగా ఒక గుమ్మం ఉంది. పసుపు రాసి, మామిడాకులు కట్టి ఉంది. గోడలు లేవు. ఒక పెళ్లికూతురు చేతులు చాపి దారి ఆపుతోంది. దగ్గరికెళ్లి చూస్తే ఆ పిల్ల నేనే. బుగ్గన చుక్క, కళ్లలో భయం.

"పేరు చెబితేనే," అంటుంది మా ఆయనతో.

"నాంచారి," అంటారు ఆయన, ముప్పై నాలుగేళ్ల కిందట చెప్పినంత చటుక్కున.

పిల్ల చేతులు దించి వెనక తలుపు తీసుకుని ఎక్కుతుంది. సీటు మీద ఖాజావలి మరిచిపోయిన టేపుని మా ఆయన చింపి, నా పేరు రాసి, కిటికీలోంచి వంగి బానెట్ కిందకి చెయ్యి పోనిచ్చి ఫ్యూజు గూడులో రెండో గదికి అంటిస్తారు. నా నడుము దగ్గర ఏదో వెచ్చబడుతుంది. వెనక సీట్లో పిల్ల కుదురుగా నవ్వుతుంది. దాని జుట్టులోంచి తలంబ్రాలు రాలుతూనే ఉన్నాయి, ఆగడం లేదు. సీటు మీంచి కిందకి, కిందనించి ముందుకి వస్తున్నాయి. పెడళ్లు మునిగిపోయాయి. ముగ్గురం కాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నాం, కారు గుమ్మంలోంచి లోపలికి పోతోంది.