మగ్గం తొక్కని మడమ

కమలాక్షికి ఫోను మోగితే చాలు, ఎవరికో ఏదో అయిందనే తోస్తుంది. ఆ పొద్దున హిందూపురం నుంచి తమ్ముడు కుమారస్వామి చేసినప్పుడూ అంతే. ధర్మవరంలో ఇంటి ముందు నీళ్ళు చల్లుతున్న చెంబు అక్కడే వదిలేసి, ఫోను చెవికి ఆనించుకోకముందే "ఏమైందిరా?" అని అరిచింది.

"ఏం కాలేదక్కా. ముందు నువ్వు కూర్చో."

"కూర్చోమంటాండావంటే ఏదో అయినట్లే కదరా!"

"ఓయమ్మా, నిలబడే విను అయితే. ఈడ పట్టుగూళ్ళ మార్కెట్ కాడికి బెంగళూరు డాక్టర్లు వచ్చినారు. చిన్న వయసులో గుండె ఆగి పోయినోళ్ళు యా ఇండ్లల్లో ఉండారో, ఆ ఇండ్లోళ్ళ నెత్తురు తీసి ఏందో పరిశోధన చేస్తాండారంట. ఉమాశంకర్ మామ సంగతి చెప్పి నేనూ ఇచ్చినా. నా కాళ్ళు చూసి, మీ ఇంట్లో అందర్నీ పిలిపించు అన్నారు. మంజును తోడుకొని రా."

మంజు అంటే మంజులత, కమలాక్షి ఒక్కగానొక్క కూతురు. కుమారస్వామి పెళ్ళాం కూడా. కాపురం పెనుకొండలో. అయిదో నెల కడుపుతో, నాలుగు రోజులు ఉండిపోదామని పుట్టింటికి వచ్చి ఉంది.

తమ్ముడికి కూతుర్ని ఇచ్చుకోవడం ఆ ఇంట్లో కొత్త కాదు. కమలాక్షిని కూడా తల్లి కుళ్ళాయమ్మ తన తమ్ముడు ఉమాశంకర్‌కే ఇచ్చి చేసింది. ఆ ఉమాశంకర్ ధర్మవరంలో పేరున్న నేతగాడు. నలభై దాటీ దాటకముందే, గుంటమగ్గంలో కూర్చుని పట్టుచీర నేస్తూ నేస్తూ పడుగు మీదికే ఒరిగిపోయాడు. ఆయన తండ్రీ అదే తీరుగా పోయాడు. గుంటలో చెమ్మ, వంగి వంగి కూర్చోవడం, ఇవే గుండెను తినేస్తాయని వీధిలో అందరూ అన్నారు. కమలాక్షి అదే నమ్మింది. మగ్గమే తన మొగుణ్ణి మింగిందనుకుంది.

అందుకే మంజును మగ్గమున్న ఇంటికి ఇవ్వకూడదని గట్టిగా పట్టుబట్టింది. పోనీ బయటివాళ్ళకు ఇద్దామా అంటే, వాళ్ళు పిల్లకు అన్నం పెడతారో పెట్టరో, కొడతారో, ఏ అర్ధరాత్రో బయటికి గెంటుతారో. ఇలా ఆలోచించి ఆలోచించి చివరికి తమ్ముడి దగ్గర ఆగింది. కుమారస్వామి రోజూ రైల్లో హిందూపురం పోయి పట్టుగూళ్ళు కొని, దారం తీసేవాళ్ళకు అమ్ముతాడు. మగ్గం ముట్టడు. సొంత నెత్తురు. ఇంతకన్నా భద్రమైన చోటు ఎక్కడుంటుంది? చుట్టాలు కూడా కమలాక్షి ముందుచూపును మెచ్చుకున్నారు.

రైలు ధర్మవరం దాటేసరికే కమలాక్షి భయాలన్నీ బయటికి వచ్చాయి. "కాళ్ళు చూసి పిలిపించడమేందే? కాలు తీసేస్తామంటారో ఏమో."

మంజు నవ్వింది. "తీసేస్తే నీకే మేలు కదమ్మా. నీ తమ్ముడు ఇంటిపట్టున ఉంటాడు."

"నీ నోట్లో మన్ను పడ! కడుపుతో ఉండేది అట్లా మాట్లాడకూడదే."

మార్కెట్ పక్కన ఒక గదిలో బల్లలు వేసి ఉన్నాయి. వేలం పాటల కేకలు లోపలికి వినిపిస్తున్నాయి. డాక్టరు పేరు సాహితి. ముప్పై ఏళ్ళు దాటి ఉండవు. ఆమె కుమారస్వామిని గోడ వైపు తిప్పి నిలబెట్టి, మడమ పైన నరం మీద వేలితో నొక్కి చూపించింది. అక్కడ చింతపిక్కంత గట్టి ఉబ్బు, రెండు కాళ్ళకూ.

"ఇవి ఎప్పటి నుంచి ఉన్నాయమ్మా?"

"అవా? మగ్గం కాయలు కదా," అంది కమలాక్షి తేలిగ్గా. "మా ఇంటాయనకు ఇంకా పెద్దవి ఉండేవి. పొద్దస్తమానం కాళ్ళతో కర్రలు తొక్కుతాంటే కాయవా మరి?"

"మీ తమ్ముడు మగ్గం నేస్తారా?"

కమలాక్షి వంగి తమ్ముడి మడమల వైపు మళ్ళీ చూసింది.

నేయడు. ఒక్క రోజు కూడా నేయలేదు. ఉమాశంకర్ బతికున్నప్పుడు అది ఇంట్లో పెద్ద ఎగతాళి. "మగ్గం తొక్కేది నేను, కాయలు కాసేది నీకా? నేను నిద్రపోయినాక దొంగతనంగా నా మగ్గం ఎక్కుతాండావేమప్పా అల్లుడా!" అనేవాడు. అందరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. కమలాక్షి కూడా నవ్వింది.

"కాయలు కావమ్మా. కొవ్వు," అంది డాక్టరు. "కొవ్వు నీళ్ళలో కలవదు కదా. అందుకని దాన్ని నెత్తురులో మోసుకుని తిరిగే చిన్న చిన్న కణాలు ఉంటాయి. వాటిని లైపోప్రోటీన్లు అంటాం. తిరిగి తిరిగి అవి కాలేయానికి చేరితే, కాలేయం వాటిని లోపలికి తీసుకోవాలి. కొన్ని కుటుంబాల్లో ఆ తీసుకునే పని పుట్టుకతోనే సగం పడిపోయి ఉంటుంది. అప్పుడు ఆ కొవ్వు నెత్తురులోనే ఉండిపోయి, మడమ నరంలో పేరుకుంటుంది. గుండె రక్తనాళాల్లో పేరుకుంటుంది. మడమది కంటికి కనిపిస్తుంది. గుండెది కనిపించదు."

కమలాక్షికి సగమే ఎక్కింది. కుమారస్వామి తనకు తెలిసిన దారిలో చెప్పాడు. "మన మార్కెట్ మాదిరే అక్కా. బండ్లు గూళ్ళు ఏసుకొని వచ్చినాయి. దించుకునే వాకిండ్లు సగం మూసేసినారు. ఇంక బండ్లన్నీ రోడ్డు మీదనే నిలిచిపోతాయి. సరుకు ఆడనే కుళ్ళుతాది, దారి మూసుకుపోతాది."

"మా ఆయన నెయ్యి కూడా తినేవాడు కాదు తల్లీ," అంది కమలాక్షి.

"తినకపోయినా వస్తుందమ్మా. ఇది నెత్తురులో వచ్చేది."

ముగ్గురి దగ్గరా నెత్తురు తీసుకున్నారు. కడుపుతో ఉన్న పిల్ల దగ్గర అంత నెత్తురు లాగుతున్నారేమని కమలాక్షి గొణిగింది. మంజు తల అటు తిప్పుకుని, బయట వేలం పాట వింటూ కూర్చుంది.

కొన్ని వారాలకు, మంజు ఇంకా పుట్టింట్లోనే ఉండగా, డాక్టరు మళ్ళీ రమ్మంది. ఈసారి కుర్చీలు వేయించి, తలుపు దగ్గరికి వేసింది.

"మీకు లేదు కమలాక్షమ్మా. మీ నెత్తురు బాగుంది."

ఇంతకాలం ఏదో ఒకటి అవుతుందని భయపడుతూ బతికిన మనిషి ఆ మాటకు సంతోషపడలేదు. మిగతా ఇద్దరి ముఖాలూ చూస్తోంది.

"కుమారస్వామికి ఉంది. మీ అమ్మగారి నుంచి వచ్చి ఉంటుంది. మంజులతకు ఉంది, వాళ్ళ నాన్నగారి నుంచి. మీ అమ్మగారూ మీ ఆయనా అక్కాతమ్ముళ్ళు కదా, లోపం ఒకటే. ఒక వైపు నుంచి వచ్చిన వాళ్ళకు మాత్రలున్నాయి, ముందే మొదలుపెడితే మామూలుగానే బతుకుతారు. కుమారస్వామీ, మీరు ఈ రోజు నుంచే వేసుకోవాలి. మంజులత కాన్పయ్యాక."

"మరి కడుపులో బిడ్డకు?" మంజు గొంతు మామూలుగానే ఉంది.

"నాలుగు పాళ్ళలో ఒక పాలు, మీ ఇద్దరి లోపమూ బిడ్డకు రావచ్చు. రాకపోవడానికే ఎక్కువ అవకాశం."

"వస్తే?" కమలాక్షి అడిగింది.

"వస్తే కష్టమమ్మా. చిన్నతనంలోనే గుండె నాళాలు మూసుకోవడం మొదలవుతుంది. మందులు ఉన్నాయి, ఇంజెక్షన్లు ఉన్నాయి. బెంగళూరులో మిషన్ మీద నెత్తురు వడకట్టి కొవ్వు తీసేస్తారు, అది మళ్ళీ మళ్ళీ చేయించుకుంటూ ఉండాలి. మేము చూసుకుంటాం, కానీ…"

కమలాక్షికి ఆ 'కానీ' ఒక్కటే వినిపించింది. కడుపులో ఉండగానే పరీక్ష చేయించుకోవచ్చని డాక్టరు చెబుతుంటే, మంజు తల అడ్డంగా ఊపడం మాత్రం చూసింది.

హిందూపురం స్టేషన్లో పెనుకొండ వైపు రైలు కోసం కూర్చున్నారు. కుమారస్వామి నీళ్ళ సీసా కొనడానికి లేచి వెళ్ళగానే కమలాక్షి కూతురి చెయ్యి పట్టుకుంది.

"మంజూ, నా మాట విను. తీయించేద్దాం."

మంజు చెయ్యి విడిపించుకోలేదు. అదే ఇంకా భయంగా ఉంది. "రాకపోవడానికే ఎక్కువ అని డాక్టరు చెప్పింది నీకు వినపడలేదా?"

"ఆ ఒక్క పాలు మనకే తగులుతాదే. నాకు తెలుసు. ఎప్పుడూ మనకే తగులుతాది."

"బయటోళ్ళు కొడతారేమోనని భయపడి నన్ను మామకు ఇచ్చినావు. నేను వద్దన్ననా? నీ భయం తీరితే చాలు అనుకున్యా." మంజు గొంతు పెరగలేదు. "నీ భయంతో పెండ్లి చేసినావు. ఇప్పుడు మళ్ళా నీ భయంతోనే బిడ్డను తీసేయమంటాండావు. ఇంక చాలమ్మా."

కుమారస్వామి సీసాతో వచ్చి ఇద్దరినీ చూశాడు. పెనుకొండ రాగానే మొగుడూ పెళ్ళాం దిగిపోయారు. మంజు బట్టల సంచీ ధర్మవరంలోనే ఉండిపోయింది.

తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. కమలాక్షి మూలగదికి సున్నం వేయించింది, పాత మెత్తని చీరలు ఉతికి మడతలు పెట్టింది. ఎదురింటి మారెమ్మ అడిగినప్పుడల్లా "వస్తాది, ఎండలు తగ్గినాక వస్తాది" అని చెప్పింది. ఎండలు తగ్గాయి. మంజు రాలేదు. ఫోను చేస్తే "బాగుండానమ్మా" అని పెట్టేసేది. రోజూ కమలాక్షి దేవుడికి ఒకటే మొక్కుకుంది: నేను అనుకున్నది తప్పు కావాలి. జన్మలో మొదటిసారి తన భయం అబద్ధం కావాలని కోరుకుంది.

కుమారస్వామి ఒక మధ్యాహ్నం తనే వచ్చాడు. చిక్కిపోయాడు. గడప దాటకుండా అరుగు మీదే కూర్చున్నాడు.

"ఆడబిడ్డ అక్కా. మూడు వారాలైంది."

"మూడు వారాలా! నాకు చెప్పకుండా…"

"మంజు చెప్పొద్దనింది. పుట్టినప్పుడే బొడ్డుతాడు నుంచి నెత్తురు తీసి పరీక్షకు పంపినారు. అది వచ్చినాక చెబుదామనింది." అతను అరచేతులతో ముఖం తుడుచుకున్నాడు. "నిన్న వచ్చింది. రెండు పక్కలా ఉండాదంట."

కమలాక్షి ఏడవలేదు. తను ముందే చెప్పానని అనలేదు. చెప్పులు వేసుకుంది. "నన్ను రానిస్తాదా?"

"తోడుకొని రమ్మనే పంపింది."

పెనుకొండ ఇంట్లో మంజు మంచం మీద కూర్చుని బిడ్డకు పాలిస్తోంది. తల్లిని చూసి లేవలేదు. బిడ్డ తాగడం అయ్యేదాకా కమలాక్షి గోడకు ఆనుకుని నిలబడింది. చామనఛాయ, తల నిండా జుట్టు, ఉమాశంకర్ ముక్కు. ఒంటి మీద ఎక్కడా మచ్చ లేదు. ఏ రోగమూ లేని బిడ్డలాగే ఉంది.

మంజు బిడ్డను తీసి తల్లి చేతుల్లో పెట్టింది.

"వచ్చే వారం బెంగళూరుకు పోవల్ల. నెత్తురు తీస్తారంట. ఇంక తీస్తానే ఉంటారంట. మామ సూదిని చూస్తేనే బయటికి ఉరుకుతాడు. నా చేత కాదు. బిడ్డను కదలకుండా పట్టుకునే మనిషి కావల్ల."

"నేనా? నాకు భయం కదే…"

"తెలుసు. అందరికన్నా నీకే భయమెక్కువ. నువ్వైతేనే వదలకుండా పట్టుకుంటావు."

కమలాక్షి బిడ్డ చిన్న చెయ్యిని తన పిడికిట్లోకి తీసుకుంది. సూది ఎక్కడ గుచ్చుతారో అని మోచేతి మడత మీద బొటనవేలితో తడిమి చూసింది. అక్కడ నరం కనిపించడం లేదు, అంత చిన్న చెయ్యి.

"ఏ రైలుకు?" అని అడిగింది.