అద్దం మీద బొట్టు

కొండయ్య మావయ్య మీద దొంగతనం మోపింది నేనే. ఊళ్ళో ఎవరో చెప్పేకంటే నేనే చెప్పుకోవడం నయం.

చిలకలపూడిలో మాది గిల్టు నగల పని. ముప్పై ఏళ్ళుగా మా ద్రావణం తొట్టి దగ్గర గాజులకు బంగారు పూత పెట్టేది ఆయనే. ఆ వారం గాజులు పాలిపోయి వచ్చాయి. బంగారం కరిగిన ఆ ద్రావణం కొంత తీసేసి నీళ్ళు కలిపాడని నాకు అనుమానం. నాకు నోరు ముందు లేస్తుంది, బుర్ర తర్వాత లేస్తుంది. ఎనిమిది మంది పనివాళ్ళ ముందు ఆయన్ని "కొండయ్యా" అని పేరు పెట్టి పిలిచి, సరుకు బీరువా తాళంచెవి లాక్కున్నాను. ఆయన తువ్వాలు దులుపుకుని బల్ల మీద కూర్చున్నాడు.

తొట్టికి కరెంటు పంపే రెక్టిఫైయర్ బాగానే ఉందని ఒకరి చేత అనిపిస్తే ఇక ఆయన్ని పంపించెయ్యొచ్చు. అందుకే పెడన నుంచి, మోటార్లు రిపేరు చేసే నాగదుర్గను పిలిపించాను.

"వోల్టులు నాలుగు చూపిస్తోంది. మిషను బానే ఉన్నట్టేగా అమ్మా?" అన్నాను.

"ఆంపియర్లు ఎంతండీ?"

నాకు తెలియదు. ఆంపియర్లు చూపే మీటరు అద్దం నిండా దసరాకి నేను పెట్టిన పసుపూ కుంకుమా ఉన్నాయి. గుండ్రంగా ముచ్చటగా ఉంటుందని ఏటా దాని మీదే పెడతాను. చెరపడానికి ఎవరికీ మనసు రాలేదు. ఆవిడ కళ్ళకద్దుకుని, కొంగుతో మధ్యలో తుడిచింది. ముల్లు నాలుగు మీద ఉంది.

గోడ మీద కొండయ్య పెన్సిల్ రాత ఉంది, ఈ ద్రావణం కొత్తగా పోసిన నాటిది: నాలుగు వోల్టులు, పది ఆంపియర్లు.

"నాలుగుని పదితో భాగిస్తే పాయింట్ నాలుగు ఓములు. ఇప్పుడు నాలుగుని నాలుగుతో భాగిస్తే ఒక ఓము. రెసిస్టెన్సు పెరిగి కరెంటు తగ్గింది, అందుకే పూత పల్చబడిందండీ."

"నీళ్ళు కలిపితే పెరుగుతుందా?"

"పెరుగుతుందండీ."

నేను కొండయ్య వంక చూశాను. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"ఆగండి, ఎక్కడ పెరిగిందో చూడాలిగా." నాగదుర్గ తన మీటరు పుల్లల్ని తొట్టి కడ్డీలకే ఆనించింది. "ఇక్కడికి వచ్చేది ఒకటి పాయింట్ ఆరు వోల్టులే. నాలుగు ఆంపియర్లతో భాగించండి."

సెల్‌ఫోన్‌లో భాగించాను. పాయింట్ నాలుగు.

"తొట్టి మొదటిరోజు ఎలా ఉందో అలాగే ఉందండీ. నీళ్ళెవరూ కలపలేదు. మిగతా రెండు పాయింట్ నాలుగు వోల్టులు దారిలోనే పోతున్నాయి. నాలుగు ఆంపియర్లతో గుణిస్తే దగ్గర దగ్గర పది వాట్లు. ఆ వేడి ఎక్కడో ఉండాలి."

తీగ వెంట వేళ్ళు పోనిచ్చి, టేపు చుట్టిన అతుకు దగ్గర ఆగింది. నన్ను పట్టుకు చూడమంది. చురుక్కుమంది. టేపు విప్పితే లోపలంతా ఆకుపచ్చటి చిలుము.

రెండు భాగహారాలు, ఒక గుణకారం. కాగితం కూడా అడగలేదు. నేను ఒక్క అరుపుతో తీసేసిన మనిషి పరువుని ఆవిడ అంత నెమ్మదిగా తిరిగి నిలబెట్టింది. చదువంటే అదీ అనిపించింది.

అతుకు గీకి బిగించగానే ముల్లు పదికి లేచింది. కొండయ్య లేచి వచ్చి గాజులు ముంచాడు. పచ్చగా, నిండుగా తేలాయి.

తాళంచెవి అందించబోయాను. ఆయన తీసుకోలేదు.

"అందరి ముందూ లాక్కున్నావు బాబూ."

"తప్పు నాది మావయ్యా. నువ్వు నీళ్ళు కలపలేదు," అన్నాను, ఎనిమిది మందికీ వినపడేలా.

అప్పుడు తీసుకుని నడుముకి దోపుకున్నాడు. పొడిగుడ్డ తెచ్చి, అద్దం అంచున మిగిలిన కుంకుమ కూడా తుడిచాడు.

"వచ్చే దసరాకి బొట్టు మిషను పెట్టెకి పెట్టు, అద్దానికి వద్దు," అన్నాడు.