ఎనిమిది కలుపుకో

స్టార్చి ఫ్యాక్టరీలో పిండి ఆరబెట్టే డ్రయ్యరు దగ్గర గోడకి ఒక మీటరు ఉండేది. లోపలి గాలి ఎంత వేడిగా ఉందో అది చెప్పాలి. కానీ పదకొండేళ్లుగా అసలు వేడికన్నా ఎనిమిది డిగ్రీలు తక్కువే చెబుతూ వచ్చింది. వేడి తొంభై రెండు ఉండాలి. అంటే మీటరు ఎనభై నాలుగు చూపిస్తే సరిపోయినట్టు. పాత ఆపరేటరు ఉద్యోగం మానేసి వెళ్తూ, "దీన్ని నమ్మకురోయ్, ఎనిమిది కలుపుకో" అని కొత్త ఆపరేటరు చెవిన వేసి వెళ్ళాడు. అతను మిగతా రెండు షిఫ్టుల వాళ్ళకి చెప్పాడు. ముగ్గురూ మీటరులో ఎనభై నాలుగు చూసి పుస్తకంలో తొంభై రెండు అని రాసేవారు. ఆ మాట కాగితం మీద ఎవరూ పెట్టలేదు. పిండి పొడిపొడిగా వస్తున్నన్నాళ్లూ ఎవరూ అడగనూ లేదు.

ఆ నెల మరమ్మతుల కోసం ఫ్యాక్టరీ నాలుగు రోజులు ఆపి మళ్ళీ నడిపారు. అప్పటి నుంచి పిండి చెమ్మగా వస్తోంది. బస్తాలో పోసిన మర్నాటికల్లా ఉండలు కట్టేది. బట్టల మిల్లు వాళ్ళు ఒక లారీ సరుకు వెనక్కి పంపేశారు. ఇంజనీరమ్మ ఫిల్టరు గుడ్డలు విప్పించింది, ఫ్యాను బెల్టు మార్పించింది, తడిపిండి వేసే జోరు తగ్గించింది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. ఇక మిగిలింది డ్రయ్యరు వేడికి స్టీము పంపే బాయిలరు ఒక్కటే.

"స్టీములో నీళ్ళు కలిసి వస్తున్నాయి. ఆ ముసలాయన లైనులో చేరిన నీళ్ళు సరిగ్గా బయటికి వదలడం లేదు," అన్నాడు మేనేజరు.

ఆ ముసలాయన, ఎనిమిది సంగతి మిగతా ఇద్దరికీ చెప్పిన డ్రయ్యరు ఆపరేటరుకి భార్య అన్న. ఆపరేటరు బావా అని పిలవడం విని విని ఫ్యాక్టరీలో అందరికీ ఆయన బాయిలరు బావ అయిపోయాడు. ముప్ఫై ఏళ్లుగా బాయిలరు ముందే ఉన్నాడు. ఆవిరి చప్పుడు విని లోపల నీళ్ళెంత ఉన్నాయో చెప్పగలడని పేరు. పనిలో అశ్రద్ధ అని కాగితం మీదికి ఎక్కిందంటే ఈ ఫ్యాక్టరీయే కాదు, ఇంకే ఫ్యాక్టరీ ఆయన్ని బాయిలరు ముట్టుకోనివ్వదు.

"ఏమండీ, మా అన్నయ్య తప్పు చేసి ఉంటాడా?" అని ఇంట్లో భార్య అడిగింది.

"మీ అన్నయ్య అన్నం తినడం మర్చిపోతాడేమో గానీ నీళ్ళు వదలడం మర్చిపోడు."

"ఆ మాట ఇక్కడ నాకు చెబితే ఏం లాభం? వాళ్ళకి చూపించండి."

పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని బయల్దేరాడు. ఎవరికీ అన్యాయం జరగనీయకు స్వామీ అనుకున్నాడు. అంతకంటే ఏం అడగాలో అతనికి తెలియలేదు. ఫ్యాక్టరీకి చేరేసరికే జరగాల్సింది జరిగిపోయింది. ఎనిమిది గంటలకే బావని బాయిలరు నుంచి దింపేసి, ఆఫీసు ముందు బల్ల మీద కూర్చోబెట్టి, వేరే ఫ్యాక్టరీ నుంచి ఒకాయన్ని తెచ్చి పెట్టారు.

ఆపరేటరు ల్యాబుకి వెళ్ళి గాజు థర్మామీటరు అడిగి తెచ్చుకున్నాడు. డ్రయ్యరు గొట్టానికి ఉన్న చిన్న రంధ్రంలోంచి దాన్ని లోపలికి దింపాడు. తొంభై రెండు కనిపిస్తే చాలు, పరుగెత్తుకెళ్ళి చూపించవచ్చు. గాలి వేడి బాగానే ఉంది, స్టీములో లోపం లేదు, మా బావ మంచివాడు అని చెప్పవచ్చు.

పాదరసం ఎనభై నాలుగు దగ్గర ఆగింది.

అయితే బావే తప్పు చేశాడా? తలెత్తి గోడ మీటరు చూశాడు. అదీ ఎనభై నాలుగే. అతనికి వెంటనే అంతుపట్టలేదు. ఇదీ ఎనభై నాలుగు, అదీ ఎనభై నాలుగు. అంటే మీటరు నిజం చెబుతోంది! పదకొండేళ్లు అబద్ధమాడిన మీటరు ఎవరితోనూ చెప్పకుండా బుద్ధి తెచ్చుకుంది. మరమ్మతుల్లో మీటర్ల మెకానిక్కు లోపల వేడిని పసిగట్టే రాడ్డు మార్చి ఉంటాడు. పాతది తప్పు చెబుతోందని అతనికి తెలియదు, కొత్తది పెట్టానని అతను చెప్పలేదు. వీళ్ళు మాత్రం ఎప్పటిలా ఎనిమిది కలుపుకుంటూ చల్లారిన గాలిలో పిండి ఆరబెడుతున్నారు.

అప్పుడు అతను చేసిన పని ఏమిటంటే, స్టీము వాల్వు తిప్పాడు. ఎవరినైనా పిలిచి, ఈ రెండు ఎనభై నాలుగులూ చూపించి, ఆ తర్వాత తిప్పవలసింది. కానీ కళ్ళెదుట పిండి తడిగా పడుతుంటే చెయ్యి ఆగలేదు. ఇన్నేళ్ల అలవాటు మరి. వేడి తొంభై రెండుకి ఎక్కింది. పావుగంటలో పిండి వేళ్ల మధ్య సరసరా జారింది. అప్పుడు పరుగెత్తాడు.

ఇంజనీరమ్మ శ్రద్ధగా విన్నది. వచ్చి చూసింది. మీటరు తొంభై రెండు, థర్మామీటరు తొంభై రెండు.

"మీరు చెప్పింది నేను నమ్ముతున్నానండీ. కానీ నేను చూస్తున్నది తొంభై రెండు. పుస్తకంలో పోయిన వారం ఉన్నదీ తొంభై రెండే. పోయిన ఏడాదీ తొంభై రెండే. ఎనభై నాలుగు ఎక్కడైనా రాశారా?"

"లేదమ్మా. కలిపేసి రాసేవాళ్ళం."

"పాత రాడ్డు?"

"మెకానిక్కుని అడిగాను, తుక్కులో పోయిందట. మెకానిక్కు పుస్తకంలో 'రాడ్డు మార్చడమైనది' అని ఉంది. పాతది చెడిపోయిందని రాయలేదు."

ఇద్దరూ కలిసి మేనేజరు దగ్గరికి వెళ్ళారు. ఆయన అంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"పొద్దున్న ఎనిమిదికి ఆయన్ని దింపాం. పదిన్నరకి పిండి బాగుపడింది. ఇంకేం చెప్పాలయ్యా నువ్వు?"

"నేను వాల్వు తిప్పినందుకు బాగుపడిందండీ."

"నీకాయన ఏమవుతాడు?"

"బావ అవుతాడు. కానీ సార్..."

"సరే."

"సార్, ఒక గంటసేపు ఎనభై నాలుగు మీద నడిపి చూద్దాం. కొత్తాయన ఉండగానే పిండి తడిగా వస్తే విషయం తేలిపోతుంది," అంది ఇంజనీరమ్మ.

"కుదిరిన సరుకుని చేతులారా పాడు చేయమంటావా తల్లీ? కాగితం పైకి వెళ్ళిపోయింది. వాళ్ళకి కావాల్సింది పిండి."

"మిగతా ఇద్దరు ఆపరేటర్లని అడగండి సార్," అన్నాడు అతను ఆశగా.

ఇద్దరినీ పిలిపించారు. తమకేం తెలియదన్నారు ఇద్దరూ. మీటరులో ఉన్నదే పుస్తకంలో రాశామన్నారు. బయటికి వచ్చాక వాళ్ళలో పొట్టి ఆపరేటరు అతని చొక్కా పట్టుకున్నాడు.

"నీకేమన్నా పిచ్చా? పదకొండేళ్లు దొంగ లెక్క రాశామని ముగ్గురం కలిసి సంతకం పెట్టాలా? బావ ఒక్కడు పోయేదానికి ముగ్గురం పోవాలా?"

"ఆయన ఏ తప్పూ చేయలేదురా."

"మనం మాత్రం చేశామా? పిండి బాగా రావాలనే కదా కలిపాం!"

ఆ మాటా నిజమే. అతను డ్రయ్యరు దగ్గరికి వచ్చి వాల్వు మీద చెయ్యి వేశాడు. తనే తిప్పేస్తే? మళ్ళీ ఎనభై నాలుగుకి దింపితే? పిండి తడుస్తుంది. అప్పుడు ఈసారి నువ్వు తడిపావు అంటారు. నిజం తెలిసినవాడికి దాన్ని నిరూపించుకునే దారి కూడా దేవుడు ఇచ్చి ఉంటే బాగుండేది. ఆ తండ్రిని నిలదీయడం కాదు, ఊరికే అడుగుతున్నాను అనుకుని చెయ్యి తీసేశాడు. పిండి తెల్లగా, పొడిగా, ధారగా పడుతూనే ఉంది. అది అంత బాగా పడుతున్న కొద్దీ బావ నేరం గట్టిపడుతోంది.

మధ్యాహ్నం బావ తన సామాను తీసుకోవడానికి బాయిలరు గదికి వచ్చాడు. సామానంటే ఒక తువ్వాలు, కళ్ళజోడు పెట్టె, పారే నీళ్ళని చూడడానికి వాడే టార్చి లైటు.

"పిండి ఎలా వస్తోంది బావా?" అని ఆపరేటరుని అడిగాడు.

ఆపరేటరుకి అబద్ధం చెప్పాలనిపించింది గానీ నోరు రాలేదు. "బాగానే వస్తోంది."

"ఎప్పటి నుంచి?"

"పదిన్నర నుంచి."

బావ తలూపాడు. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. "అయితే నాదే తప్పన్నమాట."

"కాదు బావా! విను. మీటరు రాడ్డు మార్చారు, మేం ఎనిమిది కలుపుతూనే ఉన్నాం. తప్పు మాది. నీ స్టీము బంగారం."

ఆయన చివరిదాకా ఓపిగ్గా విన్నాడు. తర్వాత అతని భుజం మీద తట్టాడు.

"మా చెల్లెలు చెప్పమందా?"

"ఒట్టు బావా!"

"ఒట్లెందుకులే. వయసు మీద పడింది. చప్పుడు విని చెప్పగలనని గొప్పలు పోయేవాణ్ణి. చెవులు మందగించాయేమో, నాకే తెలీలేదు."

"నీ చెవులకేం కాలేదు!"

"నన్ను దించగానే బాగుపడిందిగా. ఇంకా ఏమంటావు?"

తువ్వాలు భుజాన వేసుకుని కొత్త బాయిలరు ఆయన దగ్గరికి వెళ్ళాడు. వినయంగా, తన తప్పు తాను ఒప్పుకునే పెద్దమనిషిలా నిలబడి, "బాబూ, లైనులో నీళ్ళు నేను గంటకోసారి వదిలేవాణ్ణి. అది చాలలేదు. నువ్వు అరగంటకోసారి వదులు. మర్చిపోకు," అన్నాడు.

కొత్తాయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. ఆపరేటరు గుమ్మంలోనే నిలబడిపోయాడు.