నాలుగో నంబరు చొక్కా

ఫుట్‌బాల్ కోచ్‌ని గొప్పవాడు అనాలంటే ఏం ఉండాలి? ఈ ప్రశ్నకి సార్ దగ్గర నలభై ఏళ్ళుగా ఒకటే జవాబు. ఆ జవాబు విననివాళ్ళు ఊళ్ళో లేరు. పళ్ళ డాక్టరు సైతం ఆయన నోట్లోంచి పనిముట్లు బయటికి తీసి, ఆయన చెప్పింది పూర్తిగా విని, మళ్ళీ లోపల పెట్టాడు.

జవాబేమిటంటే, ఆటగాడి పేరు తెలుసుకోకూడదు. పేరు తెలిస్తే ఇల్లు తెలుస్తుంది, ఇల్లు తెలిస్తే జాలి పుడుతుంది, ఒకడి మీద జాలి పుడితే మిగతా పదిమందికీ అన్యాయం జరుగుతుంది. అందుకని సార్ దగ్గర పేర్లు లేవు, నంబర్లే. కెప్టెన్ని పట్టుకుని "ఆరూ, ఇలా రా" అనేవాడు. ఎవరైనా తప్పుబడితే, "చొక్కా ఎవడు వేసుకుంటే వాడే ఆ నంబరు" అనేవాడు. ఆ ముక్క అందరికీ ఎంత నచ్చిందంటే, క్లబ్బు గోడ మీద నీలం రంగుతో రాయించారు. ఇంట్లో తానొక్కతే కాబట్టి సరిపోయింది గానీ ఇంకో మనిషి ఉంటే తనకీ ఒక నంబరు తగిలించేవాడని ఆయన భార్య చుట్టాల దగ్గర అంటూ ఉంటుంది.

అలాంటి సార్‌కి డెబ్బై మూడో ఏట ఒక మంచి కబురు వచ్చింది. ఎప్పటికీ చెప్పుకోదగ్గ పదిమంది కోచ్‌లంటూ ఒక ఆటల పత్రిక వేస్తున్న జాబితాలో ఆయనకి చోటిచ్చారు. ఆయన గురించి రాయడానికి పత్రిక నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చురుకైన పిల్ల, కాస్త ఎక్కువే చురుకు. సార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆ పిల్లని గ్రౌండుకి తీసుకెళ్ళి, తన పేరుమోసిన కథ చెప్పాడు.

ముప్ఫై ఒక్కేళ్ళ కిందటి ఫైనల్ అది. పొద్దుటి నుంచీ ఒకటే వాన, గ్రౌండంతా బురద, ఎవడి మొహం ఎవడిదో తెలియడం లేదు. మనవాళ్ళు ఒక గోల్ పైన ఉన్నారు. ఆఖరి నిమిషంలో గోల్‌కీపర్ జారిపడ్డాడు, బంతి ఖాళీ గోల్లోకి పోతోంది. అప్పుడు నాలుగో నంబరు ఎక్కడి నుంచో ఊడిపడ్డట్టు వచ్చి, గోల్ లైను మీద తల అడ్డం పెట్టాడు. బంతి బయటికి పోయింది, వాడి తల వెళ్ళి స్తంభానికి కొట్టుకుంది. ఎడమ కనుబొమ్మ చిట్లి నెత్తురు కారుతుంటే వాడు లేచి నవ్వాడట. ఆ కప్పుతోనే సార్ సార్ అయ్యాడు.

"కానీ కోచ్ గొప్పతనం కప్పులో లేదమ్మా," అన్నాడు సార్, ఎప్పుడూ ఆగే చోటే ఆగి. "విజిల్ ఊదేశాక ఆటగాడు ఏమయ్యాడన్నదాంట్లో ఉంది. వారం తిరక్కుండా బస్సు కంపెనీకి ఉత్తరం రాశాను. మా నాలుగో నంబరు ఆటగాడికి ఉద్యోగం ఇవ్వండి, పూచీ నాది అని. ఇచ్చారు. ఇప్పుడు డిపోలో ఫోర్‌మన్."

పత్రికమ్మాయి ఆ వాక్యం రాసుకుని కింద గీత గీసుకుంది. ఇదే వ్యాసానికి ప్రాణమనీ, రేపు డిపోకి వెళ్ళి ఆ నాలుగో నంబరుతో కనుబొమ్మ మీద మచ్చ కనపడేలా ఒక ఫొటో తీసుకుంటాననీ అంది. ఈలోపు సార్‌ని గోల్ స్తంభం పక్కన నిలబెట్టింది.

అక్కడ సున్నం తన పని తాను చేసుకుంటున్నాడు. గ్రౌండులో గీతలు వేసే మనిషిని అందరూ సున్నం అనే పిలుస్తారు. యాభై దాటి ఉంటాయి. చెప్పులూ, చేతులూ, కనుబొమ్మలూ అన్నీ తెల్లగానే ఉంటాయి. రెండు మేకుల మధ్య తాడు బిగించి, డబ్బాతో సున్నం పోసుకుంటూ గోల్ లైను వేస్తున్నాడు. కథ చెబుతున్నంతసేపూ అతను రెండు గజాల దూరంలోనే ఉన్నాడు. ఫొటోలో అడ్డం వస్తున్నాడని సార్ చెయ్యి ఊపి, "ఏమయ్యా, కాస్త పక్కకి జరుగు," అన్నాడు. సున్నం జరిగాడు. ఫొటో బాగా వచ్చింది. సార్ బూటు తడి గీత మీద పడి ఒక జానెడు చెరిగిపోయింది. వాళ్ళు వెళ్ళాక అతను మళ్ళీ తాడు బిగించుకుని ఆ జానెడూ వేసుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ డిపోకి వెళ్ళారు. చక్రాలు ఊడదీసిన బస్సులు వరసగా నిలబడి ఉన్నాయి. ఫోర్‌మన్ ఒక బస్సు కిందున్న రిపేరు గోతిలోంచి పైకి వచ్చి, గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకుని, సార్‌ని చూసి పాతకాలం ఆటగాడిలా నిటారుగా నిలబడ్డాడు. సార్ ఛాతీ పొంగింది. పత్రికమ్మాయి కెమెరా తీసి, మచ్చ ఏ వైపుందో చూపించమంది.

ఫోర్‌మన్ కనుబొమ్మలు రెండూ గుబురుగా, ఎక్కడా గాటు లేకుండా ఉన్నాయి. ఏడాదికొకసారి ఏదో ఒక సభలో ఆయన భుజం మీద చెయ్యి వేసి ఆ కనుబొమ్మ కథ చెప్పిన సార్, ఆ కనుబొమ్మని చూడటం అదే మొదలు. ఫోర్‌మన్ మొహంలో నెత్తురుచుక్క లేదు. మచ్చ ఎప్పుడో కలిసిపోయిందని ఏదో సర్దిచెప్పి, అమ్మాయిని టీ తాగమని ఆఫీసు గదిలోకి పంపించి, సార్‌ని ఒక బస్సు వెనక్కి తీసుకెళ్ళాడు.

"సార్, ఆ మ్యాచ్ నేను ఆడలేదు."

సార్‌కి అర్థం కాలేదు.

"నాకు టైఫాయిడ్ సార్. మంచం మీదున్నాను. ఆ రోజు నా చొక్కా వేసుకుంది వేరేవాడు. గ్రౌండులో మేకులు కొట్టేవాడు, ప్రాక్టీసుకి మనిషి తక్కువైతే నిలబెట్టేవాళ్ళం చూడండి, వాడు. ఇంకా అక్కడే ఉన్నాడు. గీతలు వేస్తాడు."

మిగతాది ఫోర్‌మన్ తల వంచుకుని చెప్పాడు. ఉత్తరంలో పేరు లేదు, నాలుగో నంబరని మాత్రమే ఉంది. కంపెనీవాళ్ళు ఆ ఏటి జట్టు జాబితా తెప్పించుకుని చూస్తే నాలుగుకి ఎదురుగా ఇతని పేరుంది. ఆ ఇంకో మనిషి పేరు అట్టడుగున, నంబరు లేకుండా ఉంది. జ్వరం తగ్గీ తగ్గకముందే ఇతన్ని పిలిచి నాలుగో నంబరు నువ్వేనా అని అడిగారు. ఔనన్నాడు. అబద్ధం కాదు కదా అనుకున్నాడు. ఇంట్లో పూట గడవడం కష్టంగా ఉన్న రోజులు. సార్‌కి అంతా తెలిసే తన మీద దయతో రాశాడనుకున్నాడు. ఏడాది తర్వాత సభలో సార్ తన భుజం మీద చెయ్యి వేసి ఆ కథ మొదలుపెట్టాకే తెలియదని అర్థమైంది. అప్పటికి నోరు విప్పే ధైర్యం చచ్చిపోయింది.

"రెండు నెలల్లో రిటైర్ అవుతున్నాను సార్. పత్రికలో కూడా పడితే నేనింక మోయలేను. మీకు తెలీదు కాబట్టి మీ తప్పేం లేదు," అన్నాడు ఫోర్‌మన్.

సార్ దాన్ని పట్టుకుని గట్టెక్కవచ్చు. తెలీదు, పొరపాటు, ముప్ఫై ఏళ్ళ నాటి మాట. కానీ ఆ బస్సు వెనక నిలబడి ఉండగానే ఆయనకి గుర్తొచ్చింది. ఫైనల్ రోజు పొద్దున్న అసిస్టెంటు కోచ్ గొడుగు పట్టుకుని వచ్చి, నాలుగుకి జ్వరమనీ, గ్రౌండు మనిషిని దింపుతున్నాననీ చెప్పాడు. తను తలైనా ఎత్తకుండా, చొక్కా ఉందిగా, చాలన్నాడు. అంటే తెలుసు. ఒక్క పూటైనా తెలుసు.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది, అది ఇంకా అసహ్యంగా ఉంది. ఉత్తరం రాసేటప్పుడు ఆటగాడి పేరు దగ్గర పెన్ను ఆగింది. ఆ రోజు ఆడింది ఎవరని అసిస్టెంటుని అడిగితే సరిపోయేది. పక్కగదిలోనే ఉన్నాడు. కానీ పేర్లు తెలుసుకోననే కదా తన గొప్ప. అలాంటివాడు లేచి వెళ్ళి ఒక పేరు అడగడమా? నామోషీ అనిపించింది. మా నాలుగో నంబరు ఆటగాడు అని రాసి, సంతకం పెట్టి, కవరు అంటించేశాడు. తను ఎవరికో మేలు చేశానని ముప్ఫై ఒక్కేళ్ళు చెప్పుకున్న ఉత్తరం అది.

తిరిగి వస్తూ ఆటోలో పత్రికమ్మాయి తను రాసిన ముగింపు చదివి వినిపించింది. ఆటగాళ్ళని చొక్కాతో కాక గుండెతో గుర్తుపెట్టుకున్న మనిషి అని ఉంది అందులో. ఎలా ఉంది సార్ అని అడిగింది. ఇప్పుడు చెప్పాలి. చెప్పే మాట నాలుక చివర దాకా వచ్చింది కూడా.

"బాగుంది," అన్నాడు.

ఆ ఒక్క మాటకి ఆయన తన మీద తనే ఉమ్మేసుకోవాలన్నంత సిగ్గుపడ్డాడు. ముప్ఫై ఏళ్ళ కిందటిది మరుపనో బద్ధకమనో సరిపెట్టుకోవచ్చు. ఇది ఇప్పుడు, తెలిసి, కళ్ళు తెరుచుకుని చేసింది.

ఇంట్లో కంచం ముందు కూర్చుని చెయ్యి పెట్టలేదు. భార్య గుచ్చి గుచ్చి అడిగితే అంతా చెప్పాడు. నంబర్ల మీద ఏదో ఒక ఎత్తిపొడుపు పొడుస్తుందని ఎదురుచూశాడు, పొడిస్తే కొంత తేలికపడేవాడు. ఆవిడ పొడవలేదు.

"రోజూ పొద్దున్నే మీకు గేటు తీసే మనిషేగా," అంది. "ఆయన పేరేంటి?"

సార్ కంచం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ కంచం తీసేసింది.

మర్నాడు పొద్దున్నే గ్రౌండుకి వెళ్ళాడు. సున్నం ఎప్పటిలాగే గేటు తీసి, నమస్తే పెట్టి, మళ్ళీ గోల్ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆదివారం మ్యాచ్ ఉంది. సార్ వెనకాలే వెళ్ళాడు. ముప్ఫై ఏళ్ళుగా కనపడుతున్న ఆ మొహాన్ని మొదటిసారి దగ్గరగా చూశాడు. ఎడమ కనుబొమ్మ మీద సున్నం పడింది. ఆ సున్నం కింద, సరిగ్గా మధ్యలో, వెంట్రుకలు మొలవని సన్నటి గాటు ఉంది.

"ఆ ఫైనల్లో తల పెట్టింది నువ్వటగా," అన్నాడు సార్.

"ఔన్సార్," అన్నాడు సున్నం, ఎవరో టైము అడిగితే చెప్పినట్టు.

"నాకెందుకు చెప్పలేదయ్యా?"

సున్నం డబ్బా కింద పెట్టాడు. "చెబుదామనే వచ్చాను సార్. ఉత్తరం సంగతి విని ముందు డిపోకి వెళ్ళాను. నాలుగు నువ్వు కాదు పొమ్మన్నారు. మర్నాడు మీ దగ్గరికొచ్చాను. కనుబొమ్మకి ఇంకా కట్టుంది. మీరు నన్ను చూసి, ఏమయ్యా, పెనాల్టీ చుక్క దగ్గర సున్నం పలచబడింది, చూసుకో అన్నారు. సరేనని వెళ్ళి చూసుకున్నాను."

సార్ తల ఎత్తలేకపోయాడు. కోపం రాలేదా అని అడిగాడు, అడగడానికి ఇంకేమీ దొరక్క.

"వచ్చింది సార్, రాకేం. ఒక ఏడాదంతా ఈ గోల్ లైను కొంచెం వంకరగా వేశాను. ఎవరూ కనిపెట్టలేదు." తాడు లాగి చూసుకుని, "మీరు కూడా," అన్నాడు.

తనని క్షమించమని అడుగుదామని ఇంటి దగ్గర నుంచి మాటలు పేర్చుకుని వచ్చాడు సార్. అవి ఇక్కడ పనికిరావని తెలిసిపోయింది. ఫోను తీసి, అక్కడే నిలబడి పత్రికమ్మాయికి చేశాడు. ఉత్తరం వల్ల ఉద్యోగం తప్పు మనిషికి పోయిందనీ, తెలిసుండీ పేరు అడగలేదనీ, నిన్న ఆటోలో కూడా నోరు మూసుకున్నాననీ చెప్పాడు. ఫోర్‌మన్‌ని ఏమీ అనొద్దనీ, పేరు రాయని చెయ్యి తనదనీ చెప్పాడు. పోనీ ఆ కథ తీసేయమంటారా అని అడిగింది ఆ పిల్ల, జాలిపడి.

"తీసేయొద్దు. జాబితాలోంచి నన్ను తీసేసినా సరే, అది మాత్రం ఉన్నదున్నట్టు రాయి."

"సరే సార్. ఆయన పేరేమిటి?"

సార్ ఫోను మీద అరచెయ్యి మూశాడు. సున్నం ఎదురుగా, సున్నం కళ్ళలోకి చూడలేక అతని చెప్పుల వైపు చూస్తూ, "నీ పేరేమిటి?" అన్నాడు.

సున్నం వంగి తాడు మేకుకి ఇంకో చుట్టు చుట్టాడు.

"నాలుగని రాయమనండి సార్," అన్నాడు చివరికి. "ఆ పూటంతా మీరు నన్నలాగే పిలిచారు. నాలుగూ వెనక్కి, నాలుగూ చూసుకో అని. నాకు బాగుండేది. మర్నాటి నుంచి మళ్ళీ ఏమయ్యా అయిపోయింది."

అలా రాయించేస్తే సులువుగా పోయేది. చదివేవాళ్ళకీ నచ్చేది. కానీ సార్ ఫోను అతని వైపు చాచాడు.

సున్నం రెండు చేతులూ ప్యాంటుకి తుడుచుకుని ఫోను అందుకున్నాడు. ఇంటిపేరుతో సహా తన పేరు చెప్పాడు. అవతల సరిగ్గా వినపడలేదేమో, ఇంకోసారి, నిదానంగా చెప్పాడు. ఇంటికి వెళ్ళేలోపు మర్చిపోతానేమోనన్న భయంతో సార్ జేబులోంచి పెన్ను తీసి ఆ పేరు అరచేతిలో రాసుకున్నాడు. సున్నం అది చూశాడు. చూసి, ఫోను తిరిగి ఇచ్చేసి, డబ్బా చేతిలోకి తీసుకున్నాడు.

"కాలు తీయండి సార్," అన్నాడు. "గీత మీదున్నారు."

సార్ కాలు తీశాడు.