ఊళ్లో లేని సూరమ్మ

గ్రంథాలయ వారోత్సవాల్లో, ఎన్నికల్లో నిలబడబోతున్న గోవిందరావు గారు గంటసేపు దంచారు. ప్రజాస్వామ్యానికి లైబ్రరీయే పునాది అన్నారు, శాలువా కప్పించుకున్నారు. గుమ్మం దాటకుండానే ఎవరికో ఫోనులో, "ఈ కొంపకి ఎవడొత్తాడు? జీడిపిక్కల బస్తాలేసుకోడానికి బాగుంటాది" అన్నారు. లైబ్రేరియన్ రాజకుమారి చెవినపడనే పడింది. పదేళ్లలో ఆ పెద్దమనిషి ఒక్క పుస్తకం తిరగేసిన పాపాన పోలేదు. పునాదట, పునాది!

వారం తిరక్కుండా, ఓట్లు తీసెయ్యమని వచ్చిన అర్జీల జాబితా లైబ్రరీ గోడకెక్కింది. చేపలమ్ముకుని రోజూ పేపరు వినడానికొచ్చే సూరమ్మ, "అందులో నా పేరుందేటి, సూడమ్మా" అంది.

ఉంది. ఆమెదే కాదు, రేవువీధిలో నలభైమంది ఆడవాళ్లవీ ఉన్నాయి. కారణం: ఊళ్లో ఉండటం లేదు. అర్జీదారు: గోవిందరావు.

"మగోళ్లు సేపల ఏటకి గుజరాతు ఏరావల్ ఎల్తే, ఆడోళ్లం ఊరొదిలేసినట్టా?" అంది సూరమ్మ. "ఓటు కూడా నేకపోతే మా గుమ్మంలోకి ఎవులొత్తారమ్మా?"

రాజకుమారికి ఒళ్లు మండిపోయింది. ఆ వీధి ఓట్లు తనకి పడవని గోవిందరావుకి తెలుసు. వెళ్లి అడగడానికి మొహం చెల్లక ఏకంగా మనుషుల్నే మాయం చేశాడు. ఇంత పిరికివాడికి మళ్లీ ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా ఒకటి.

విచారణకి అధికారి పంచాయతీ ఆఫీసుకి వచ్చాడు; రేవువీధి ఆడవాళ్లంతా వచ్చి నిలబడ్డారు. "ఈలంతా గుజరాత్‌లో సెటిలైపోయారు సార్. ఇయాళ రైలెక్కించి తెచ్చీసారు" అన్నాడు గోవిందరావు, కాలుమీద కాలేసుకుని.

రాజకుమారి లైబ్రరీ రిజిస్టర్లు తెచ్చి బల్లమీద పడేసింది. పేపరు చదివినా, పక్కన కూర్చుని విన్నా, తేదీ వేసి సంతకం పెట్టందే ఆవిడ ఎవరినీ కదలనివ్వదు. మొగుళ్లున్న సముద్రంలో గాలీవానా కబుర్లు వినడానికి ఆ నలభైమందీ వంతులవారీగా వస్తూనే ఉన్నారు. మూడేళ్ల వంకరటింకర సంతకాలు. అధికారి ఓపిగ్గా తిప్పి చూసి, "ఇందులో మీ సంతకం ఏ పేజీలో ఉందండీ?" అని అడిగాడు.

"మాకు తీరికెక్కడ సార్!" అని నవ్వబోయాడు గోవిందరావు. అధికారి అర్జీలన్నీ అక్కడికక్కడే కొట్టేశాడు.

సిగ్గున్నవాడైతే తలొంచుకుని కారెక్కేవాడు. గోవిందరావు మెట్లమీదే రెండు చేతులూ జోడించాడు. "ఏదో పొరపాటైపోనాది, సూరమ్మా. ఓటు మాత్రం మనకే ఎయ్యాల."

సూరమ్మ ఖాళీ చేపలగంప చంకనెత్తుకుంది.

"మేం ఊళ్లో నేం కదా బాబూ. ఏరావల్ ఎల్లి అడుక్కో."