సుక్రు చేతుల వణుకు

కాఫీ మొక్కలు అప్పుడప్పుడే అరకు కొండలెక్కుతున్న రోజులు. అక్కడొక కొండవాలు ఊళ్ళో థింసా ఆడాలంటే సుక్రు తుడుము మోగాల్సిందే. అతను కర్రలందుకుంటే మోకాళ్ళ నొప్పులున్న ముసలమ్మలు కూడా వరసలోకొచ్చి చేతులు కలిపేవారు. పెళ్ళిళ్ళకీ పండగలకీ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చి తీసుకెళ్ళేవారు. వాయించినవాడికి సారా పొయ్యడం మర్యాద. సుక్రు ఎవరి మర్యాదనీ కాదనలేదు.

మొదట్లో ఒక్క గ్లాసుకే పాటలందుకునేవాడు. రానురాను సీసా ఖాళీ అయినా అతనికి ఎక్కేది కాదు. ఊరంతా దాన్ని గొప్పగా చెప్పుకున్నారు. ఆ తరవాత పొద్దున్న లేవగానే చేతులు వణకడం మొదలైంది. కాస్త ఇప్పసారా గొంతులో పడితే ఆగేది.

"వణుకు జబ్బే. సారా దానికి మందు" అనేవాడు భార్య యర్రమ్మతో.

"తాగక ముందు ఈ జబ్బు నేదు గదా మావా" అనేది ఆమె.

చైత్రంలో చేసుకునే ఇటుకల పండగ దగ్గర పడుతుండగా ఒకరోజు అంబలి గిన్నె సుక్రు చేతిలోంచి జారి పడిపోయింది. అతనికి సిగ్గేసింది. "ఇయ్యాల్టి నుంచి సుక్క ముట్టను" అంటూ సారా కుండ తనే పెరట్లో బోర్లించాడు. యర్రమ్మ సంతోషంతో కోడిని కోసింది.

ఆ కూర అతను తినలేకపోయాడు. ఒళ్ళంతా చెమటలు, కంటిమీద కునుకు లేదు. ఆ మర్నాడు పట్టపగలు ఇంటి కప్పు వైపు చూపిస్తూ, "మేకలు తుడుం వాయిస్తన్నాయి. తాళం తప్పుతన్నాయి, దింపియ్యే" అన్నాడు.

యర్రమ్మకి నవ్వొచ్చింది. ఒంటిమీద చెయ్యేసి చూసేసరికి ఆ నవ్వు పోయింది. ఒళ్ళు కాలిపోతోంది, గుండె దడదడ కొట్టుకుంటోంది. తన తమ్ముడు వరహాలునీ ఇంకొందరినీ పిలిచి, డోలీ కట్టించి అరకు ఆస్పత్రికి మోయించింది. దారి పొడవునా సుక్రు మేకలకి తాళం నేర్పుతూనే ఉన్నాడు.

డాక్టరు సత్యనారాయణ సూదిమందులిచ్చి అతన్ని గట్టెక్కించాడు. కాస్త తేరుకున్నాక సుక్రు లేచి కూచుని అడిగాడు: "డాక్టరు బాబూ, తాగినన్నాళ్ళు తిరుగుతూనే ఉన్నాను. మానీసరికి సావొచ్చింది. మరి తాగడమే మంచిది గదా?"

డాక్టరు నవ్వి, మంచం పక్కకి స్టూలు లాక్కున్నాడు.

"సారా నీ నరాల్ని నిద్రపుచ్చాలని చూస్తుంది. నువ్వేమో మెలకువగా ఉండి పని చేసుకోవాలి. అందుకని నీ ఒళ్ళు రోజూ దానికి ఎదురు తోస్తూ వచ్చింది. తలుపుని ఇద్దరు చెరో వైపు నుంచీ తోస్తున్నారనుకో. ఒకడు చటుక్కున తప్పుకుంటే?"

"రెండోవోడు బొక్కబోర్లా పడతాడు."

"నువ్వు పడ్డది అలాగే. సారా పోయింది, నీ ఒళ్ళు తొయ్యడం మానలేదు. ఆ వణుకూ, చెమటలూ, మేకలూ అందుకే. నీలా తాగినవాళ్ళు ఇంట్లో ఒక్కసారిగా మానకూడదు. ఇక్కడికొస్తే మందిచ్చి మెల్లిగా మాన్పిస్తాం."

"అయితే ఇన్నాళ్ళూ మానకపోడం మొండితనం కాదా బాబూ?" అని అడిగింది యర్రమ్మ.

"అదీ కొంత ఉంది. ఎక్కువ మాత్రం ఒంటికి పడ్డ అలవాటు."

తనకన్నా సారానే మొగుడికి ఎక్కువనుకుని ఇన్నాళ్ళూ కుమిలిన యర్రమ్మ మనసు ఆ మాటతో తేలికపడింది.

పండగనాటికి ఇల్లు చేరారు. సాయంత్రం ఆట మొదలయ్యే ముందు వరహాలు అలవాటు కొద్దీ ఆకుదొప్పలో సారా పోసి అందించాడు. ఆ వాసనకి సుక్రు నోరూరింది. వరసలో నిలబడ్డ యర్రమ్మ అటే చూస్తోంది.

"ఒళ్ళు మళ్ళీ దీన్ని మరిగిందంటే అరకు దాకా నువ్వే మొయ్యాలి. నీ బుజాలు ఆలోసించుకో" అన్నాడు సుక్రు.

అందరూ గొల్లుమన్నారు. వరహాలు బుజాలు తడుముకుని దొప్ప పక్కవాడికిచ్చాడు. ఆ రాత్రి ఆట మధ్యలో సుక్రుకి మనసు లాగకపోలేదు. లాగినప్పుడల్లా చెంబెడు నీళ్ళు తాగి ఇంకా గట్టిగా వాయించాడు.

పండగ వెళ్ళాక అతనికి ఆకలి తిరిగొచ్చింది, నాలుకకి రుచి తెలిసింది. ఒకరోజు "కూరలో ఉప్పెక్కువైంది" అన్నాడు.

"పెళ్ళైన కాణ్ణించి ఇంతే ఏస్తన్నాను. రేపు నువ్వే వండు" అంది యర్రమ్మ.

మర్నాడు సుక్రు నిజంగానే వండాడు. ఉప్పు వెయ్యడం మరిచిపోయాడు. అయినా యర్రమ్మ రెండోసారి వడ్డించుకుంది.